ప్రోస్టేట్ క్యాన్సర్ రోగికి ఎంచుకునే అవకాశం ఇవ్వండి

తెలుగు రాష్ట్రాల యూరాలజిస్టులకు, క్యాన్సర్ వైద్యులకు, ఆరోగ్య ట్రస్టుల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

నేను ఖమ్మం జిల్లాకు చెందిన విశ్రాంత జూనియర్ కళాశాల అధ్యాపకుణ్ణి. రసాయనశాస్త్రం బోధించాను. మగవారికి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందని తేలిన తర్వాత చికిత్స పూర్తి చేసుకుని, ప్రస్తుతం వేళ తప్పకుండా రక్తపరీక్ష చేయించుకుంటూ కాలం గడుపుతున్నాను. మీ చదువు మీద గానీ, మీ చేతి నైపుణ్యం మీద గానీ నాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను ఈ రోజు ఈ లేఖ రాయగలుగుతున్నది మీలాంటివారి వల్లనే. నా ఫిర్యాదు మరొకటి. ఈ జబ్బుకు ఒకటికి మించిన చికిత్సలు ఉన్నాయి, చాలామంది విషయంలో వాటి ఫలితం దాదాపు సమానం, వాటి వల్ల కలిగే ఇబ్బందులు మాత్రం వేరువేరు. అలాంటప్పుడు తనకు ఏది సరిపడుతుందో నిర్ణయించుకోవలసినవాడు రోగి. కానీ మన దగ్గర ఆ నిర్ణయం చాలాసార్లు, రోగి మొదట ఏ డాక్టరు గది ముందు టోకెన్ తీసుకున్నాడన్నదాన్ని బట్టి జరిగిపోతోంది.

ముందుగా వార్త అందే తీరు చూడండి. మూత్రం సన్నగా వస్తోందనో, రాత్రి పదేపదే లేవవలసి వస్తోందనో వెళ్ళినవారికి, లేదా ఏ బాధా లేకుండానే ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ తీసుకున్నవారికి పీఎస్ఏ పరీక్ష, అంటే ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి చేరే ఒక ప్రోటీనును కొలిచే రక్తపరీక్ష, చేస్తారు. అది ఎందుకో, ఎక్కువగా వస్తే ఆ తర్వాత ఏమేం చేయవలసి వస్తుందో రక్తం తీసే ముందు చెప్పేవారు అరుదు. సాయంత్రానికి కొడుకు ఫోనుకు వాట్సాప్‌లో రిపోర్టు వస్తుంది. అంకె 4 దాటితే దాని పక్కన ఎక్కువ ఉందని గుర్తు పెట్టి ఉంటుంది. ఇక ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. వయసుతో గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మూత్రం ఆగిపోయి పైపు వేసినా ఆ అంకె పెరుగుతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. దీనికి తిరగేసిన ప్రమాదం కూడా ఉంది. గ్రంథి ఉబ్బు తగ్గడానికి ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ వంటి మాత్రలు నెలల తరబడి వాడుతున్నవారిలో పీఎస్ఏ సుమారు సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 అని చూసి నిశ్చింతగా ఉన్నవారి అసలు అంకె 6 కావచ్చు. పరీక్ష రాసేటప్పుడే ఈ రెండు మాటలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

అమెరికాలో ఈ పరీక్షను ఆరోగ్యవంతులందరికీ చేయాలా వద్దా అన్నది పెద్ద చర్చ. అక్కడి నివారణ సేవల కార్యదళం 2012లో వద్దని సిఫారసు చేసి, 2018లో ఆ మాట సవరించుకుని, 55 నుంచి 69 ఏళ్ళ మధ్యవారు లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడుకుని ఎవరికి వారు నిర్ణయించుకోవాలని చెప్పింది. మన ప్రభుత్వాలు ఊరూరా చేస్తున్న క్యాన్సర్ పరీక్షలు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే. అందులో ప్రోస్టేట్‌ను చేర్చమని నేను కోరడం లేదు. చేర్చకపోవడానికి కారణాలు ఉన్నాయి. ప్రత్యేక దినాల్లో రాయితీ ప్యాకేజీలు పెట్టి వందలాది మందికి ఈ పరీక్ష చేసే ఆసుపత్రులు మాత్రం, అంకె ఎక్కువ వచ్చినవారికి తర్వాతి దారి చెప్పే బాధ్యత కూడా తీసుకోవాలని అడుగుతున్నాను.

గ్రంథి నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించే బయాప్సీ ఫలితం వచ్చిన రోజు సంగతి వేరు. నేను వెళ్ళిన ఆసుపత్రిలో డాక్టరు రిపోర్టు చూసి, మా అబ్బాయి వైపు తిరిగి, "పెద్దాయన్ని కాసేపు బయట కూర్చోబెట్టండి" అన్నారు. నలభై ఏళ్ళకు దగ్గరగా పాఠాలు చెప్పినవాణ్ణి, నా శరీరంలో ఏముందో నాకు తప్ప అందరికీ చెప్పే గది బయట ఇనుప కుర్చీలో కూర్చున్నాను. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. చాలా ఇళ్ళలో పిల్లలే ముందుగా వచ్చి, నాన్నకు చెప్పకండి, తట్టుకోలేరు అని వేడుకుంటారని నాకు తెలుసు. అయితే చెప్పకుండా దాచిన జబ్బుకు రోగి చికిత్సను ఎలా ఎంచుకుంటాడు? మంచంపట్టి, మాట అర్థం కాని స్థితిలో ఉన్నవారి విషయం వేరు. నడిచి వచ్చి, సొంతంగా పేరు చెప్పి, సంతకం పెట్టే మనిషికి అతని జబ్బు పేరు చెప్పకుండా అంగీకార పత్రం మీద సంతకం తీసుకోవడం ఏ లెక్కన సరైనదో మీరే చెప్పాలి. పిల్లలు దాచమని అడిగినప్పుడు, "ఆయనకు ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు ఆయన్నే అడుగుదాం" అని మీరు ఒక్కమాట అంటే, ఆ భారం పిల్లల మీద నుంచి కూడా దిగుతుంది. ఆ సాయంత్రం మా అబ్బాయి ముఖం చూశాక నాకు రిపోర్టు చదవవలసిన అవసరం రాలేదు. వాడు దాచడానికి పడిన యాతన నా జబ్బు కంటే నన్ను ఎక్కువ బాధ పెట్టింది.

మగవాళ్ళు ఈ జబ్బును తమంతట తామే దాచుకోవడం మరో సంగతి. అది చదువుతో, పదవితో పోయేది కాదు. అప్పట్లో అమెరికా రక్షణ మంత్రిగా ఉన్న లాయిడ్ ఆస్టిన్ 2023 డిసెంబరులో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ తర్వాత ఇన్‌ఫెక్షన్‌తో 2024 జనవరి 1న మళ్ళీ ఆసుపత్రిలో చేరినప్పటికీ ఆ సంగతి కొన్ని రోజుల పాటు సాక్షాత్తూ అధ్యక్షుడికే తెలియలేదు. ఫిబ్రవరిలో ఆయన విలేకరుల ముందుకు వచ్చి, చెప్పవలసింది, చెప్పలేదని క్షమాపణ అడిగారు. అంతటివాడికే నోరు పెగలనప్పుడు, నడుము కింది జబ్బు గురించి మాట్లాడటమే సిగ్గుమాలినతనంగా పెరిగిన మా తరం పల్లెటూరి మగవాడు మీ ముందు నోరు తెరుస్తాడని మీరు ఎదురుచూడకూడదు. అడగవలసినవారు మీరే.

రిపోర్టులో గ్లీసన్ స్కోరు అని ఒక అంకె ఉంటుంది. అమెరికాలోని మిన్నెసోటాలో పనిచేసిన డొనాల్డ్ గ్లీసన్ అనే పాథాలజిస్టు (శరీరం నుంచి తీసిన ముక్కలను పరీక్షించే వైద్యుడు) 1960లలో రూపొందించిన లెక్క అది. సూక్ష్మదర్శినిలో కణాల అమరిక ఎంత చెదిరిందో చూసి, ఎక్కువ భాగంలో కనిపించే తీరుకు ఒక అంకె, తర్వాతి దానికి మరో అంకె వేసి కలుపుతారు. ఇప్పటి లెక్కలో 6 అన్నది అతి తక్కువ, 10 అన్నది అతి ఎక్కువ. 10కి 6 అంటే సగం ముదిరిపోయిందనుకునే రోగులను నేను కళ్ళారా చూశాను. పరీక్ష మార్కుల అలవాటు ఉన్నవారికి అలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. 3+4 అయినా, 4+3 అయినా మొత్తం 7. కానీ రెండోది మొదటిదాని కంటే దూకుడైనది. ఈ గందరగోళం తీర్చడానికే 2014లో పాథాలజిస్టుల అంతర్జాతీయ సంఘం 1 నుంచి 5 వరకు గ్రేడ్ గ్రూపులు పెట్టింది. దాని ప్రకారం 3+3 ఒకటో గ్రూపు, 3+4 రెండోది, 4+3 మూడోది. ఒకటో గ్రూపును అసలు క్యాన్సర్ అనాలా వద్దా అని మీలో మీరే వాదించుకుంటున్నారు. ఈ విషయం ఒకటో గ్రూపు రోగికి చెప్పేవారేరి? నా రిపోర్టులో ఉన్నది 4+3. దాని అర్థం నాకు తెలిసింది మరో ఊరిలో, మరో డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించినప్పుడే.

ఆ గీసిన బొమ్మతో పాటు ఆయన చెప్పిన మరో మాట నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది: "ఇది ఈ వారమే తేల్చుకోవలసినది కాదు." గ్రంథి దాటని ప్రోస్టేట్ క్యాన్సర్‌లో చాలామందికి ఆలోచించుకోవడానికి, ఇంకొకరి సలహా తీసుకోవడానికి కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. అంతకుముందు ఆసుపత్రిలో కౌన్సెలర్ అనే ఉద్యోగి, ఎల్లుండి థియేటర్ ఖాళీ ఉంది, అడ్వాన్సు కడితే తేదీ ఖాయం చేస్తామని మా అబ్బాయికి పదేపదే ఫోను చేశాడు. కాళ్ళు పడిపోతున్నవాడికి, మూత్రం పూర్తిగా ఆగిపోయినవాడికి తొందర అవసరం; నాలాంటివాడికి ఆ తొందర ఎవరి అవసరం?

ఇక ఎంపిక సంగతి. బ్రిటన్‌లో 1999 నుంచి 2009 వరకు పీఎస్ఏ పరీక్షలో బయటపడిన, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని చీటీలు తీసినట్టుగా మూడు వర్గాలు చేసి, ఒక వర్గాన్ని వెంటనే చికిత్స చేయకుండా పరీక్షలతో కనిపెట్టి ఉంటూ, ఒక వర్గానికి ఆపరేషన్, ఒక వర్గానికి రేడియేషన్ చేసిన అధ్యయనం మీకు కొత్త కాదు. ప్రొటెక్ట్ అనే ఆ అధ్యయనం 15 ఏళ్ళ ఫలితాలు 2023లో వచ్చాయి. మొత్తం 356 మంది చనిపోగా, వారిలో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవారు 45 మంది. మూడు వర్గాల మధ్య ఆ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు: కనిపెట్టి ఉన్న వర్గంలో నూటికి 3.1, ఆపరేషన్ వర్గంలో 2.2, రేడియేషన్ వర్గంలో 2.9. అయితే జబ్బు ఇతర భాగాలకు పాకడం కనిపెట్టి ఉన్న వర్గంలో నూటికి 9.4 కాగా, చికిత్స పొందిన రెండు వర్గాల్లోనూ 5కి అటూఇటుగా ఉంది. ఆ మొదటి వర్గంలో నలుగురిలో ఒకరు 15 ఏళ్ళ తర్వాత కూడా ఏ చికిత్సా లేకుండా బతికి ఉన్నారు. చాలామంది మధ్యలో చికిత్సకు మారారు. ఈ లెక్కలు తక్కువ, మధ్యస్థ ప్రమాదం ఉన్నవారివి. మన దగ్గర ఎక్కువమంది జబ్బు ముదిరాక వస్తున్నారు కాబట్టి వీటిని అందరికీ అంటగట్టకూడదని నాకు తెలుసు. అంటగట్టదగినవారికి కూడా చెప్పడం లేదన్నదే నా బాధ.

ప్రాణం విషయంలో తేడా లేనప్పుడు, బతికే తీరు విషయంలో ఉన్న తేడాయే ఎంపికకు ఆధారం. అదే అధ్యయనంలో ఆపరేషన్ అయిన ఆరు నెలలకు నూటికి 46 మంది మూత్రం కారుతున్నందువల్ల ప్యాడ్లు వాడవలసి వచ్చింది. ఆరేళ్ళ తర్వాత కూడా 17 మంది వాడుతూనే ఉన్నారు. రేడియేషన్ పొందినవారిలో ఆరేళ్ళకు ఆ సంఖ్య 4. దాంపత్యానికి సరిపడే అంగస్తంభన మొదట్లో నూటికి 67 మందికి ఉంటే, ఆరు నెలలకు ఆపరేషన్ వర్గంలో 12 మందికి, రేడియేషన్ వర్గంలో 22 మందికి, కనిపెట్టి ఉన్న వర్గంలో 52 మందికి మిగిలింది. రేడియేషన్‌కు దాని ఇబ్బంది దానికి ఉంది: మలద్వారంలో మంట, మలంలో రక్తం, అప్పుడప్పుడు ఆపుకోలేని తొందర. దానికి తోడు మధ్యస్థ ప్రమాదం ఉన్నవారికి నాలుగు నుంచి ఆరు నెలలు, ఎక్కువ ప్రమాదం ఉన్నవారికి ఏడాదిన్నర నుంచి మూడేళ్ళు హార్మోను ఇంజెక్షన్లు. వాటితో ఒళ్ళంతా సెగలు పుట్టడం, కండ కరగడం, ఎముకలు పలచబడటం, కారణం లేకుండా కళ్ళ నీళ్ళు రావడం. ఈ రెంటిలో ఏ ఇబ్బందిని తాను మోయగలడో రోగికి తెలిసినంతగా మీకు తెలియదు. రోజూ గుడిలో అర్చన చేసేవాడికి బట్ట తడవడం ప్రాణసంకటం. ఒంటరిగా పొలం చూసుకునేవాడికి ఊరు విడిచి నెల రోజులు నగరంలో ఉండటమే అసాధ్యం. ఇద్దరికీ ఒకే మందుచీటీ రాయడానికి లేదు.

నేను మొదట చూపించుకున్న శస్త్రవైద్యులు, డాక్టరు యంత్రపు చేతులను నడిపిస్తూ చేసే రోబో ఆపరేషన్ తప్ప మార్గం లేదన్నారు. రేడియేషన్ తర్వాత జబ్బు తిరగబెడితే ఆపరేషన్ కష్టమని, ఆపరేషన్ తర్వాత తిరగబెడితే రేడియేషన్ ఇవ్వవచ్చని చెప్పారు. అది నిజమే. అయితే ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ కూడా పడితే రెంటి ఇబ్బందులూ ఒకే మనిషి మీద పడతాయన్నది కూడా నిజమే, అది చెప్పలేదు. తర్వాత కలిసిన రేడియేషన్ వైద్యురాలు, ఆపరేషన్‌తో గ్రంథిని మొత్తం తీసి పాథాలజీకి పంపితే జబ్బు అసలు దశ కచ్చితంగా తెలుస్తుందన్న సంగతి ఎత్తలేదు. ఎవరి పని వారికి ముద్దు. అందులో దోషం వెతకను. ఇద్దరి మాటా ఒకే వారంలో, ఒకే రిపోర్టు ముందు పెట్టుకుని వినే అవకాశం రోగికి దొరకాలి. రోబో సంగతికి వస్తే, నగరంలో ఫ్లైఓవర్ల పక్కన పెద్ద పెద్ద హోర్డింగుల మీద దాని చేతులు చూసి ఫలితం కూడా అంత పెద్దదనుకునేవారు చాలామంది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రోబో పద్ధతినీ, మామూలు కోత పద్ధతినీ చీటీ వేసి పోల్చిన అధ్యయనంలో రెండేళ్ళ తర్వాత మూత్రం ఆపుకోగలగడంలో గానీ, అంగస్తంభనలో గానీ రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. రక్తం తక్కువ పోవడం, త్వరగా ఇంటికి వెళ్ళడం వంటి లాభాలు రోబోకు ఉన్నాయి. చేసే డాక్టరు అనుభవం యంత్రం కంటే ముఖ్యమని మీరే అంటారు. కాబట్టి, మీరు ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తారు, మీ దగ్గర చేయించుకున్నవారిలో ఏడాది తర్వాత ప్యాడు లేకుండా ఉన్నవారు ఎంతమంది అని రోగి అడిగితే నొచ్చుకోకండి.

దాంపత్యం సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. కొడుకు, కోడలు, కొన్నిసార్లు అల్లుడు కూడా పక్కన నిలబడి ఉండగా అరవై అయిదేళ్ళ మనిషి ఆ ప్రశ్న మిమ్మల్ని ఎలా అడుగుతాడు? అడగడు. మీరూ, ఈ వయసులో ఇంకేముంటుందిలే అనుకుని వదిలేస్తారు. ఆపరేషన్ అయిన నెలల తర్వాత, ఎవరూ ఏమీ చెప్పకపోవడం వల్ల తన మగతనాన్ని డాక్టరు దొంగిలించాడన్నంత కోపంతో మాట్లాడిన మనిషిని నేను చూశాను. అంగస్తంభనకు కావలసిన నరాలను కాపాడుతూ ఆపరేషన్ చేసే పద్ధతిని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో పాట్రిక్ వాల్ష్ అనే శస్త్రవైద్యుడు 1982లో మొదలుపెట్టినప్పటి నుంచి అది వైద్యంలో ముఖ్యమైన అంశమే. రోగితో జరిపే మాటల్లోకి మాత్రం రాలేదు. రోగితో అయిదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడండి. తర్వాత, ఆయన ఇష్టపడితే, భార్యను మాత్రమే లోపలికి పిలిచి మాట్లాడండి. నా విషయంలో, బొమ్మ గీసి చూపించిన ఆ డాక్టరు అలాగే చేశారు. నా భార్య అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించనిది: రేడియేషన్ పెట్టించుకున్న మనిషి పక్కన మనవరాలు పడుకోవచ్చా అని. బయట యంత్రం నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో నిలిచి ఉండదని, పిల్లలను ఎత్తుకోవచ్చని ఆయన చెప్పేదాకా ఆమె ఆ భయాన్ని ఎవరికీ చెప్పకుండా మోసింది.

నేను రేడియేషన్‌నే ఎంచుకున్నాను. అది అందరికీ తగినదని చెప్పడానికి కాదు, ఎంచుకున్నాక కూడా ఎంత సమాచారం అందకుండా పోతుందో చెప్పడానికి ఆ సంగతి ఎత్తుతున్నాను. మా వైపు జనం దాన్ని కరెంటు పెట్టడం అంటారు, ఒళ్ళు కాలిపోతుందని భయపడతారు. అసలు యంత్రం కింద పడుకున్న ఆ కొద్ది నిమిషాల్లో ఏమీ తెలియదు. కష్టమంతా బయట వరండాలో. మూత్రాశయం నిండుగా, మలాశయం ఖాళీగా ఉంటే తప్ప కిరణాలు పడవలసిన చోట పడవు. అందుకని ఒక్కొక్కరి చేతిలో లీటరు నీళ్ళ సీసా. తాగాలి, తొడలు బిగబట్టి కూర్చోవాలి, పేరు పిలిచేసరికి సరిగ్గా నిండి ఉండాలి. ముందున్న రోగికి ఆలస్యమైతే ఇక్కడ ఆపుకోలేక వెళ్ళిపోతారు. మళ్ళీ మొదటి నుంచి నీళ్ళు. స్కాన్‌లో గ్యాసు కనపడితే టెక్నీషియన్ బల్ల మీద నుంచి దింపి, నడిచి రమ్మని పంపుతాడు. శనగపప్పు మానేయాలని, రాత్రి తొందరగా తినాలని, ముందురోజు నుంచే నీళ్ళు బాగా తాగుతూ ఉంటే మూత్రాశయం తొందరగా నిండుతుందని నాకు చెప్పింది డాక్టర్లు కాదు, నా పక్క కుర్చీలో కూర్చున్న ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు. ఆ వరండాలో మేము ఒకరికొకరం చెప్పుకున్నవన్నీ మొదటి రోజే ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వదగినవి.

బ్రిటన్‌లో జరిగిన మరో పెద్ద పరిశోధన తర్వాత, ఏడెనిమిది వారాలు సాగే రేడియేషన్‌ను 20 విడతల్లో, అంటే నాలుగు వారాల్లో ముగించడం మామూలైంది. తగిన రోగులకు 5 విడతల్లో ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. ఆసిఫాబాద్ నుంచో, పాడేరు నుంచో వచ్చి లాడ్జీలో ఉండి, పూటకూళ్ళు తిని, తోడుగా వచ్చిన మనిషి కూలి కూడా పోగొట్టుకునే కుటుంబానికి ఆ తేడా చికిత్స పూర్తి చేయడానికీ, మధ్యలో మానేయడానికీ ఉన్న తేడా. అన్ని విడతలు ఎందుకు, తక్కువలో కుదురుతుందా అని రోగి అడగవచ్చని ఎవరైనా అతనికి చెప్పాలి.

ముదిరిన జబ్బుతో వచ్చేవారి గురించి తక్కువ రాయడం న్యాయం కాదు, ఎందుకంటే ప్రభుత్వ ఆసుపత్రి వరండాలో ఎక్కువమంది వాళ్ళే. నడుం నొప్పికి ఏళ్ళ తరబడి ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకుని, ఎముకలకు పాకాక వచ్చేవారు. వారికి మొదటి చికిత్స పురుష హార్మోనును ఆపడం. ఛార్లెస్ హగ్గిన్స్ అనే వైద్యుడు 1941లో కనిపెట్టి, 1966లో నోబెల్ బహుమతి అందుకున్న సూత్రమే ఇప్పటికీ పునాది. దానికి రెండు దారులు: వృషణాలను తీసేసే చిన్న ఆపరేషన్, లేదా నెలకో మూణ్ణెల్లకో ఒక ఇంజెక్షన్. మొదటిది ఒక్కసారితో పోతుంది, ఖర్చు తక్కువ. రెండోదానికి తేదీ తప్పకుండా రావాలి, మనసు మార్చుకునే వీలుంటుంది. పేదవాడు కాబట్టి ఆపరేషనే సరిపోతుందని అతని బదులు మీరు నిర్ణయించకండి. ఉన్నవాడు కాబట్టి ఇంజెక్షన్లే తీసుకుంటాడని కూడా అనుకోకండి. రెండూ చెప్పి, ఒక రాత్రి ఇంటికి పంపించి, మర్నాడు అడగండి. ఇంజెక్షన్ మొదలుపెట్టినప్పుడు తొలి రోజుల్లో హార్మోను ఒకసారి ఎగసిపడే మందులు ఉన్నాయని, అందుకే ముందుగా మాత్రలు ఇస్తున్నారని చెప్పకపోతే, ఆ మాత్రలు అనవసరమని మానేసేవారు ఉంటారు. కాళ్ళలో బలం తగ్గినా, తిమ్మిరి పట్టినా, మూత్రం ఉన్నట్టుండి ఆగిపోయినా వెన్నుపాము మీద ఒత్తిడి పడి ఉండవచ్చని, తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ గంటలోనే బయల్దేరాలని కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసివ్వండి. ఇందులో ఆలస్యమైతే మనిషి మంచానికే పరిమితం కావచ్చు.

ముదిరిన జబ్బులో పురుష హార్మోను తయారవకుండా ఆపే అబిరాటెరాన్ మాత్ర విషయం కూడా ఇలాంటిదే. రోజుకు 1000 మిల్లీగ్రాములు, ఖాళీ కడుపుతో, స్టెరాయిడ్ మాత్రతో కలిపి వేసుకోవాలి. ఆహారంతో వేసుకుంటే రక్తంలోకి చేరే మందు చాలా రెట్లు పెరుగుతుంది. అందుకే ఆ నిబంధన. దీన్నే ఆధారం చేసుకుని, 250 మిల్లీగ్రాములను ఆహారంతో ఇచ్చి చూసిన ఒక చిన్న అధ్యయనం అమెరికా నుంచి 2018లో వచ్చింది. పీఎస్ఏ తగ్గడంలో పూర్తి మోతాదుకు అది తీసిపోలేదు. ఖర్చు భరించలేని రోగులకు మన దేశంలో కొందరు వైద్యులు ఈ పద్ధతి వాడుతున్నారు. నాలుగో వంతు మందుతో సరిపోయే అవకాశం ఉందన్న మాట, డబ్బు లేక మాత్రలు రోజు విడిచి రోజు మింగుతున్న మనిషికి తెలియకపోవడం కంటే అన్యాయం లేదు. తన ఇష్టానికి తాను తగ్గించుకోవడం ప్రమాదం, డాక్టరు చెప్పి తగ్గించడం వైద్యం. డబ్బు ఇబ్బంది ఉందా అని మీరు అడిగితేనే ఆ సంభాషణ మొదలవుతుంది.

ఇప్పుడు తెలంగాణ ఆరోగ్యశ్రీ ట్రస్టు, ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవా ట్రస్టు అధికారులకు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ లేకపోతే ఈ జబ్బుకు చికిత్స పొందగలిగేవారు కాదన్న కుటుంబాలు నాకు తెలుసు. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఏడు పదులు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల రక్షణ 2024 అక్టోబరు నుంచి వచ్చింది; ఈ జబ్బు ఎక్కువగా వచ్చే వయసు అదే. డబ్బు పెరిగింది, సంతోషం. నేను అడిగేది ఖర్చు తక్కువైన ఒక నిబంధన. గ్రంథి దాటని ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ గానీ, రేడియేషన్ గానీ మంజూరు చేసే ముందు, రోగి ఒక యూరాలజిస్టునూ, ఒక రేడియేషన్ వైద్యుణ్ణీ ఇద్దరినీ కలిసినట్టు వారి సంతకాలతో ఒక పత్రం జతచేయాలని షరతు పెట్టండి. ఆ రెండో సంప్రదింపునకు రుసుము మీరే చెల్లించండి. రెండో నిపుణుడు అందుబాటులో లేని జిల్లాల నుంచి వీడియోలో హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులతోనో, విశాఖ హోమీ భాభా ఆసుపత్రి వైద్యులతోనో మాట్లాడించండి. తక్కువ ప్రమాదం ఉన్న రోగి చికిత్స వద్దు, కనిపెట్టి ఉంటానంటే, ఆ పీఎస్ఏ పరీక్షలకూ, మధ్యలో చేసే ఎంఆర్ఐ, బయాప్సీలకూ కూడా పథకం డబ్బు కట్టాలి. కోస్తేనే డబ్బు వస్తుంది, చూస్తూ ఉంటే రాదు అన్న లెక్క ఉన్నంతకాలం ఏ ఆసుపత్రీ చూస్తూ ఊరుకోమని చెప్పదు. మన పల్లెల్లో కనిపెట్టి ఉండటం కుదరదు, రోగులు మళ్ళీ రారు అన్న అభ్యంతరం నేను విన్నాను, అందులో నిజం ఉంది. బీపీకి, షుగరుకు ఇంటింటికీ వెళ్ళి మాత్రలిచ్చే ఏఎన్‌ఎమ్‌లు, ఆశా కార్యకర్తలు ఉన్న రాష్ట్రాల్లో ఆరు నెలలకొకసారి ఒక రక్తపరీక్ష తేదీ గుర్తుచేయడం అసాధ్యమని మాత్రం నేను ఒప్పుకోను.

ఆసుపత్రుల యాజమాన్యాలకు ఒక చిన్న మాట. బయాప్సీ స్లైడ్లు, ఆ ముక్కలను భద్రపరిచిన మైనం దిమ్మెలు రోగి శరీరంలోంచి వచ్చినవి. రెండో అభిప్రాయం కోసం అడిగితే, ఎందుకు, మా మీద నమ్మకం లేదా అని ముఖం మాడ్చుకోకుండా ఇవ్వండి. 3+4కూ, 4+3కూ మధ్య తేడా ఒక పాథాలజిస్టు కంటి నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది. మరో కన్ను చూడటం మీకు అవమానం కాదు.

జబ్బు తేలాక మనసు ఎలా ఉంటుందో కూడా మీ లెక్కలో చేర్చుకోండి. చికిత్స అయిపోయినా ప్రతి పీఎస్ఏ పరీక్షకూ ముందు వారం రోజులు ఆకలి మందగిస్తుంది, ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడబుద్ధి కాదు. హార్మోను ఇంజెక్షన్ల రోజుల్లో నాకు పట్టిన దిగులు మందు వల్లనని తెలిసి ఉంటే, అది నా బలహీనత అనుకుని అంత కుమిలిపోయేవాణ్ణి కాను. నాకు తేరుకోవడానికి సాయపడినవి రోజూ నడక, డాక్టరు చెప్పిన కొద్దిపాటి బరువుల వ్యాయామం, ఆ ఆర్టీసీ డ్రైవరుతో ఫోనులో మాటలు. ఎముకలు, కండరాలు నిలబడటానికి నడక, బరువులు అవసరమని చెప్పే ఫిజియోథెరపిస్టు, కటి కండరాల వ్యాయామం ఆపరేషన్‌కు ముందే నేర్పించే మనిషి, మనసు సంగతి అడిగే ఒక సామాజిక కార్యకర్త ప్రతి క్యాన్సర్ విభాగంలో ఉండాలి. నెలకొకసారి పాత రోగులనూ కొత్త రోగులనూ ఒక గదిలో కూర్చోబెడితే చాలు, సగం పని మేమే చేసుకుంటాం.

నేనూ, ఆ వరండాలో పరిచయమైన మరికొందరమూ కలిసి ఒక నాలుగు పేజీల కరపత్రం తెలుగులో చిత్తు రాశాం. పీఎస్ఏ అంటే ఏమిటి, గ్లీసన్ అంకె ఎలా చదవాలి, ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ ముందు ఏమేం అడగాలి, నీళ్ళు ఎప్పుడు తాగాలి, ఏ లక్షణాలకు పరుగున రావాలి అన్నవి అందులో ఉన్నాయి. మేము వైద్యులం కాము, కాబట్టి అది మీ కళ్ళతో సరిచూసుకోకుండా ఎవరికీ పంచడం లేదు. రెండు ట్రస్టుల్లో ఏది ముందుకొచ్చినా, ఏ వైద్య కళాశాల యూరాలజీ విభాగం అడిగినా చిత్తు ప్రతి అందజేస్తాం. తప్పులు దిద్ది, మీ ముద్ర వేసి, బయాప్సీ రిపోర్టుతో పాటు రోగి చేతికే ఇప్పించండి, కొడుకు చేతికి కాదు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు, ఖమ్మం జిల్లా